ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వీలునామాలు, ఆస్తి ఏర్పాట్లు

తన తదనంతరం ఆస్తి ఎవరికి ఎలా చెందాలో మనిషి బతికి ఉండగానే తేల్చి పెట్టుకునే పద్ధతులు కర్నూలు జిల్లా పడమటి భాగంలో అనేకం ఉన్నాయి. వీలునామా, దాన సెటిల్‌మెంటు, భాగపంపకం, నామినేషను, ఒకప్పటి ఇల్లరికపు ఒప్పందం అన్నీ వీటిలోకే వస్తాయి. ఈ ఒక్క పనికే కట్టుబడిన ప్లీడర్లు ఆదోనిలో గాని ఎమ్మిగనూరులో గాని కనబడటం అరుదు. సివిల్ దావాలు చూసే వకీళ్లే దీన్నీ చూస్తారు. చాలామంది వారి గడప కూడా తొక్కరు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరితోనే పని ముగించుకుంటారు. లేఖరికి కాగితం రాయడం బాగా తెలుసు, అందులో వంక పెట్టడానికి లేదు. కాని తరువాత కోర్టుకెక్కే తగాదాల్లో సగం చిక్కు కాగితం రాతలో ఉండదు, రాసిచ్చినవాడికి ఆ ఆస్తి మీద ఎంత హక్కు ఉందన్న దగ్గర ఉంటుంది. ప్లీడరుతో అసలు పని అక్కడ.

ప్రాంతం, ఆస్తుల తీరు

ఆదోని పత్తి, వేరుశనగ వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. మద్రాసు–బొంబాయి రైలు మార్గం మీద ఉండటంతో జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, కమీషన్ మండీలు పెరిగి, జనం నోట ‘రెండో బొంబాయి’ అనిపించుకుంది. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ రెండు ఊళ్ల చుట్టూ నల్లరేగడి మెట్ట పొలాలు, తుంగభద్ర దిగువ కాలువ కింద కొంత తరి భూమి ఉన్నాయి. అందుచేత ఇక్కడ ఒక కుటుంబపు ఆస్తి అంటే ఒకే రకంగా ఉండదు. ఒకరికి మండీలో భాగస్వామ్యం, ఇంకొకరికి గుంత మగ్గం ఉన్న ఇల్లు, మరొకరికి నాలుగెకరాల మెట్టతో పాటు రెండెకరాల డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి. వర్షం లేని ఏడు సుగ్గికని, అంటే కూలి పనికి, గుంటూరుకో బెంగళూరుకో వలసపోయే కుటుంబాల్లో వారసులు నలుగురూ నాలుగు చోట్ల ఉంటారు.

ఈ ప్రాంతపు పాత కాగితాలకు ఇంకో విశేషం ఉంది. 1800లో నిజాము ఈస్టిండియా కుంఫిణీకి దత్తం చేసిన జిల్లాల్లో ఆదోని కూడా ఉంది. ఆ తరువాత మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లాలో తాలూకాగా కొనసాగి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరుతో పాటు కర్నూలు జిల్లాలో చేరింది. రాయదుర్గం అనంతపురానికి పోయింది. కాబట్టి తాతల నాటి దస్తావేజు తీస్తే ‘బళ్లారి జిల్లా ఆదోని తాలూకా’ అని కనబడుతుంది. కన్నడంలోనో ఉర్దూలోనో రాసిన పత్రాలూ బయటపడతాయి. హద్దు దాటి కర్ణాటకలో పొలం ఉన్నవారూ ఉన్నారు. ఒక్క వీలునామాలో రెండు రాష్ట్రాల ఆస్తినీ రాయవచ్చు. కాని రికార్డుల్లో పేరు మార్పించుకోవడం మాత్రం అక్కడ పహణీలో, ఇక్కడ అడంగల్, 1-బీలలో వేర్వేరుగా చేసుకోవాలి.

ఆచారం నడిపిన కాలం

వీలునామా ఈ నేలకు కొత్త. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు విడిపోయేటప్పుడు ఊరి పెద్దల ముందు పాలు పంచుకోవడం, పాలుపట్టి రాసుకోవడం, ఫారికత్తు (హక్కు విడుదల పత్రం) ఇచ్చుకోవడమే పాత పద్ధతి. మద్రాసు నగరంలో 1870 చట్టంతోనే హిందువుల వీలునామాలకు రాతకోతలు, సాక్షులు తప్పనిసరి అయ్యాయి. బళ్లారి, కర్నూలు వంటి జిల్లాల్లో మాత్రం 1927 జనవరి 1 వరకు హిందువు నోటిమాటగా చెప్పిన వీలునామా కూడా చెల్లేది.

ఆచారాల్లో న్యాయచరిత్రకెక్కింది ఇల్లరికం. బళ్లారి, కర్నూలు జిల్లాల మోటాటి కాపు, అంటే రెడ్డి కులస్థుల్లో అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, సేద్యం చూసినందుకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారాన్ని మద్రాసు హైకోర్టు 1881లో గుర్తించింది. ‘ఇల్లాటం’ అన్న పేరుతో అది హిందూ న్యాయ గ్రంథాల్లో ప్రత్యేక శీర్షిక అయింది. ఇల్లరికపు అల్లుడు దత్తపుత్రుడు కాడు. పుట్టింటి వాటా అతనికి పోదు, అత్తింటి గోత్రమూ రాదు. అతనికి దక్కేది మాట ప్రకారం ఆస్తి. రాత లేకుండా ఆచారమే చట్టంగా నడిచిన ఈ ఏర్పాటు, ఒక రకంగా, ఈ ప్రాంతం తనకు తాను తయారు చేసుకున్న వీలునామా.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక, చట్టం మాట్లాడిన విషయాల్లో ఆచారం పక్కకు తప్పుకుంది. ఈనాడు ఇల్లరికం తెచ్చుకున్న మామ అల్లుడికి ఏమైనా దక్కాలనుకుంటే దాన్ని వీలునామాలోనో రిజిస్టరు సెటిల్‌మెంటులోనో రాయాలి. ‘ఊరందరికీ తెలుసు’ అన్నది సాక్ష్యంగా ఎంత దూరం నిలుస్తుందో చెప్పలేం.

పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు పొలం ఇవ్వడమూ అలాంటిదే. పెళ్లి పందిట్లో నాలుగెకరాలు ఇచ్చామంటారు, కూతురు ఏళ్ల తరబడి కౌలు డబ్బు తీసుకుంటుంది, పాసుపుస్తకం మాత్రం తండ్రి పేరనే ఉండిపోతుంది. స్థిరాస్తి దానానికి రిజిస్టరు పత్రం, ఇద్దరు సాక్షులు కావాలని ఆస్తి బదిలీ చట్టం అంటుంది. తండ్రి పోయాక అన్నదమ్ముల మాట మారితే ఆ కూతురి చేతిలో మిగిలేది జ్ఞాపకమే.

ముందుగా తేలవలసింది

మంచి ప్లీడరు వీలునామా రాయమని వచ్చిన వ్యక్తిని మొదట అడిగేది ఎవరికి ఇస్తావని కాదు, ఇది నీకెలా వచ్చిందని. స్వార్జితమైతే యజమాని ఇష్టం. కొడుకును తప్పించి కూతురికి ఇచ్చినా, ఇద్దరినీ తప్పించి మఠానికి ఇచ్చినా హిందువును అడ్డుకునే చట్టం లేదు. పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తి అయితే తన వాటా వరకే. 1956కు ముందు ఆ విడిపోని వాటాను కూడా వీలునామాతో ఇచ్చే వీలు ఉండేది కాదు. హిందూ వారసత్వ చట్టంలోని 30వ సెక్షను ఆ దారి తెరిచింది.

ఇక్కడ ఊళ్లలో పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది. తాత ఆస్తి అంటే మనవడిది, తండ్రి దాన్ని ముట్టుకోకూడదు అని. అన్ని చోట్లా అది నిజం కాదు. తాత 1956 తరువాత వీలునామా లేకుండా పోయి, ఆ పొలం ఆయన స్వార్జితమైతే, అదే చట్టం 8వ సెక్షను కింద కొడుకుకు వచ్చిన వాటా ఆ కొడుకు సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది. మనవడికి పుట్టుకతో హక్కు రాదు. 1956కు ముందు నుంచి ఉమ్మడిగా దిగివచ్చిన భూమి సంగతి వేరు. తాత ఏ ఏడు పోయాడు, అప్పటికి పంపకం అయిందా అన్న రెండు ప్రశ్నల మీద మొత్తం వీలునామా నిలుస్తుంది, లేదా కూలుతుంది. దానికి పాత మరణ ధ్రువీకరణ, ఫారికత్తు, లింకు దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూడక తప్పదు. లేఖరి బల్ల దగ్గర ఇంత పని జరగదు.

కూతుళ్ల హక్కు మూడు మెట్లలో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986 చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లైన కూతుళ్లకూ ఇచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న తర్జనభర్జనను సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ తీర్పులో తీర్చివేసింది, అక్కరలేదని. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు అయిన పంపకాలు మాత్రం చెదరవు. ఆ తేదీకి ముందు నోటిమాటగా పంచుకున్నామని ఇప్పుడు చెప్పే అన్నదమ్ముల మాటను కోర్టులు తేలిగ్గా నమ్మవు. ‘ఆడపిల్లకు కట్నం ఇచ్చాం గదా’ అన్నది పంపకానికి జవాబు కాదు.

ఆడవాళ్ల ఆస్తి సంగతి అందరూ మరిచిపోయేది. భరణం కింద భార్యకో వితంతువుకో ఇచ్చిన భూమి ఆమె పూర్తి సొంతమని 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తులసమ్మ కేసు మన రాష్ట్రానిదే. అయితే ఆమె పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం ఆస్తి దాని మూలాన్ని బట్టి పోతుంది. పుట్టింటి నుంచి వచ్చింది తండ్రి వారసులకు, భర్త వైపు నుంచి వచ్చింది భర్త వారసులకు. ఆమె నేత మీదో కూలి మీదో సంపాదించి కొన్న ఇల్లు కూడా, భర్త లేకపోతే, తన తోడబుట్టినవాళ్లను దాటి భర్త వారసులకే ముందు పోతుంది. ఈ ప్రాంతంలో వీలునామా రాసేవారిలో మగవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. అవసరం చూస్తే పిల్లలు లేని ఆడవాళ్లకే ఎక్కువ.

డీకేటీ పట్టాల్లో ఒక చిత్రమైన వెసులుబాటు ఉంది. అసైన్డ్ భూములను అమ్మడం, దానం చేయడం, తాకట్టు పెట్టడం నిషేధించిన 1977 చట్టం ‘బదిలీ’ని నిర్వచించేటప్పుడు వీలునామాను అందులోంచి మినహాయించింది. కొడుక్కి దానపత్రం రాస్తే చెల్లనిది వీలునామాగా రాస్తే నిలబడవచ్చు. 20 ఏళ్లు దాటిన పట్టాలకు 2023లో ఇచ్చిన సడలింపు కింద జరుగుతున్న రిజిస్ట్రేషన్లను 2024లో ఆపారు. కాబట్టి రాసే రోజున ఏ ఉత్తర్వు నడుస్తోందో చూసుకోవాలి. ఇనాం భూములకు 1956 ఇనాముల రద్దు చట్టం కింద రైతువారీ పట్టా వచ్చిందా లేదా అన్నదీ తేల్చాలి. ఇనాము మాట వస్తే మంత్రాలయం గుర్తుకురాక మానదు. ఆదోని నవాబు సిద్దీ మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని ఇచ్చాడంటారు. మఠం భూమిని కుంఫిణీ వెనక్కి తీసుకోబోతుండగా విచారణకు వచ్చిన థామస్ మన్రోకు స్వామి బృందావనం నుంచి కనిపించి జవాబు చెప్పాడన్న కథ ఇక్కడ అందరికీ తెలుసు. మామూలు ఇనాందారుకు ఆ సౌకర్యం లేదు. తన హక్కు కాగితంలో చూపించుకోవాలి.

వీలునామా రాత

రూపం విషయంలో చట్టం చాలా తక్కువ అడుగుతుంది. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం మేజరైన, మతి స్థిమితం ఉన్న వ్యక్తి సంతకమో వేలిముద్రో వేయాలి. దాన్ని చూసిన, లేదా తానే వేశానని ఆ వ్యక్తి నోట విన్న ఇద్దరు సాక్షులు అతని ఎదుట సంతకం చేయాలి. స్టాంపు పేపరు అక్కరలేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను కూడా ఐచ్ఛికమే. ఈ ప్రాంతంలో ప్రొబేటు తప్పనిసరి కాదు.

అడిగేది తక్కువే అయినా, రుజువు దగ్గర బిగుస్తుంది. వీలునామాను కోర్టులో నిరూపించాలంటే బతికున్న సాక్షుల్లో ఒక్కరైనా బోనెక్కాలి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ నియమం అలాగే ఉంది. అందువల్ల రాసేవాడి కంటే వయసులో చిన్నవాళ్లను, ఊరు వదిలిపోనివాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం తెలివైన పని. ఆస్తి పొందేవాడే ఊరంతా తిరిగి సాక్షుల్ని తెచ్చి, లేఖరికి తానే చెప్పి రాయిస్తే, ఆ వీలునామా మీద నీడ పడినట్టే. 1958లో మైసూరు ప్రాంతం నుంచి వెళ్లిన వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు అనుమానాస్పద పరిస్థితుల గురించి చెప్పిన సూత్రాలను నేటికీ ప్రతి వీలునామా దావాలోనూ ఎత్తి చూపుతారు. వణుకుతున్న సంతకం, సొంత పిల్లల్ని కారణం లేకుండా తప్పించడం, లాభం పొందినవాడు రాతలో చేయి పెట్టడం వంటి వాటికి వీలునామా తెచ్చినవాడే సమాధానం చెప్పుకోవాలి. కొడుకును తప్పించదలిస్తే ఎందుకో ఒక వాక్యం రాయడం ప్లీడర్లు ఇచ్చే సలహా. ‘ఇల్లు కట్టుకునేటప్పుడే వాడి వాటా డబ్బు ముట్టింది’ అన్న చిన్న మాట తరువాత పెద్ద వాదనను ఆపుతుంది.

చదువురాని పెద్దవాళ్లు వేలిముద్ర వేసినప్పుడు, వారికి తెలిసిన భాషలో చదివి వినిపించామని, విని ఒప్పుకున్నారని కింద రాయాలి. కన్నడమో ఉర్దూయో ఇంట్లో మాట్లాడే మనిషి చేత తెలుగు వీలునామా మీద వేలిముద్ర వేయించేటప్పుడు ఈ వాక్యం విలువ ఇంకా పెరుగుతుంది. డాక్టరు చీటీ జతచేయడం మంచిది. మంచాన పడ్డవారికోసం రిజిస్ట్రారే ఇంటికి వచ్చే ఏర్పాటూ ఉంది.

రిజిస్ట్రేషను చేసినంత మాత్రాన వీలునామా తిరుగులేనిది కాదు. మారుద్దామనుకుంటే ఎన్నిసార్లైనా మార్చవచ్చు, చివరిదే చెల్లుతుంది. రిజిస్టరైన వీలునామాలు సబ్ రిజిస్ట్రారు దగ్గర 3వ పుస్తకంలోకి పోతాయి. అవి ఈసీలో కనబడవు, రాసిన వ్యక్తి బతికి ఉండగా ఇతరులకు నకలు ఇవ్వరు. ఇంట్లో ఎవరికీ తెలియకూడదని రిజిస్ట్రేషనుకు వెనకాడేవారికి ఈ సంగతి తెలిస్తే సగం భయం పోతుంది. అంతకన్నా గుట్టు కావాలంటే సీలు వేసిన కవరులో వీలునామాను కర్నూలులోని జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచిపెట్టవచ్చు. 1908 రిజిస్ట్రేషను చట్టం ఇచ్చిన ఈ సదుపాయం గురించి అడిగేవారు అరుదు.

ముస్లింలు, క్రైస్తవులు

ఆదోనిలో ముస్లిం జనాభా గణనీయంగా ఉంది. వారికి వీలునామా, అంటే వసీయత్, అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోను మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. సున్నీ హనఫీ పద్ధతిలో వారసుడికి వసీయత్ రాస్తే మిగతా వారసులు, రాసినవాడు పోయాక, ఒప్పుకోవాలి. వాటాలు ముందే నిర్ణయమై ఉన్నాయి. పిల్లలున్న చోట భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం. అందుకే కూతురికి ఎక్కువ ఇవ్వదలచిన తండ్రి వసీయత్ కన్నా హిబా (దానం) వైపు చూస్తాడు. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం ఉంటే హిబా నోటిమాటగానూ చెల్లుతుంది. తెల్లకాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 2011లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిక్కంతా స్వాధీనం దగ్గరే. ఇచ్చానని చెప్పిన తండ్రి ఆ కొట్టు అద్దెను చివరిదాకా తానే వసూలు చేసుకుంటే ఆ హిబా ప్రశ్నార్థకమవుతుంది.

క్రైస్తవుల వీలునామాకు 1925 చట్టం పూర్తిగా వర్తిస్తుంది. పెళ్లి చేసుకుంటే అంతకు ముందు రాసిన వీలునామా రద్దవుతుంది. సాక్షికి గాని సాక్షి భార్యకో భర్తకో గాని రాసిన ఆస్తి వారికి దక్కదు. హిందువులకు ఈ రెండు నియమాలూ లేవు.

బతికుండగానే ఇవ్వడం

తగాదా లేకుండా ఉండాలని పెద్దవాళ్లు బతికుండగానే సెటిల్‌మెంటు రాసిస్తారు. కుటుంబంలోని వారికైతే స్టాంపు సుంకం తక్కువ. వీలునామాకు లేని గుణం, లేదా దోషం, దీనికి ఉంది. రిజిస్టరైన క్షణం నుంచే హక్కు మారుతుంది, మనసు మారితే వెనక్కి రాదు. రాసిచ్చాక ముద్ద పెట్టని కొడుకుల సంగతి ప్రతి ఊళ్లో వినబడేదే. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద, పోషించాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని పోషించకపోతే ట్రిబ్యునలు రద్దు చేయవచ్చు. రెవెన్యూ డివిజన్ అధికారే ట్రిబ్యునలు. షరతు పత్రంలో ఉండాల్సిందేనని 2022లో, చట్టాన్ని పెద్దల మేలుకు వీలుగా చదవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు అంది. ఆ షరతును పత్రంలో స్పష్టంగా రాయించడమే ప్లీడరు చేయవలసిన పని. జీవితకాలం ఇంట్లో ఉండే హక్కును, పొలం ఫలసాయాన్ని తమకే ఉంచుకుని రాసివ్వడం ఇంకా క్షేమం.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో ఆస్తి అప్పగించామనుకునేవారు మరో గుంపు. ఇచ్చిన మనిషి పోగానే మామూలు జీపీఏ కూడా పోతుంది. అది వీలునామాకు బదులు కాదు.

బ్యాంకులు, మండీలు

నామినీ అంటే వారసుడు అనుకోవడం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించవలసినవాడేనని జీవితబీమా విషయంలో అప్పటి చట్టం ప్రకారం 1983లోనూ, షేర్ల విషయంలో 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. వీలునామాలో ఒక పేరు, నామినేషనులో ఇంకో పేరు ఉండకుండా చూసుకుంటే చాలు.

మండీ వ్యాపారులకు వీలునామా కన్నా భాగస్వామ్య పత్రమే ముఖ్యం. ఒక భాగస్తుడు పోతే, పత్రంలో వేరే మాట లేకపోతే, 1932 చట్టం ప్రకారం సంస్థే రద్దవుతుంది. కొనసాగాలంటే పోయినవాడి వాటా లెక్క ఎలా కట్టాలి, కొడుకును చేర్చుకోవాలా, గుడ్‌విల్‌కు విలువ ఉందా అన్నవి ముందే రాసుకోవాలి. ఒకప్పుడు వీరికి ఎస్టేట్ సుంకం భయం ఉండేది. ఆదోని ఆంధ్రలో చేరిన రెండు వారాలకే, 1953 అక్టోబరు 15న, అమల్లోకి వచ్చిన ఆ పన్ను పెద్ద ఆస్తుల పై శ్లాబుల్లో 85 శాతం దాకా పోయి, 1985 మార్చి 16 నుంచి ఎత్తివేయబడింది. ఇప్పుడు వారసత్వం మీద పన్ను లేదు.

తదనంతరం

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పొలానికి 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద 90 రోజుల్లో తహసీల్దారుకు తెలియజేసి మ్యుటేషన్ కోరాలి. వీలునామా లేని చోట తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దీనికి ఉపయోగపడుతుంది. బ్యాంకు డిపాజిట్ల వంటి వాటికి నామినీ లేకపోతే కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ అవసరం కావచ్చు. మ్యుటేషన్ మీద అభ్యంతరం ఉంటే అప్పీలు రెవెన్యూ డివిజన్ అధికారి దగ్గర, అంటే ఇక్కడ ఆదోనిలో. అయితే పాసుపుస్తకంలో పేరు ఎక్కడం శిస్తు లెక్కకు సంబంధించినది, హక్కును తేల్చేది సివిల్ కోర్టే.

అక్కడికి పోయిన పంపకాల దావాలకు ఏళ్లు పడతాయి. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా ప్లీడరును ఇస్తారు. రాజీకి ఒప్పుకున్న కుటుంబాలకు లోక్ అదాలత్ ఉంది. అక్కడ ఇచ్చిన అవార్డుకు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆ అవార్డులో ప్రతి సర్వే నంబరు, ఎవరి వాటాకు ఏ దిక్కు ముక్క వచ్చిందో, బావి దారి ఎవరిదో రాయించుకోవాలి. లేకపోతే కొలతలకు సర్వేయరు వచ్చిన రోజున మళ్లీ మొదటికొస్తుంది.